తిరుపతిలో తక్కువ ఖర్చుతో షార్ట్ ఫిల్మ్: తెర వెనక పనంతా వరసగా

షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునే కుర్రాళ్ళలో ఎక్కువమంది ముందు అడిగేది "ఏ కెమెరా అన్నా?" అని. సినిమా పూర్తయ్యాక వాళ్ళని బాధపెట్టేది మాత్రం కెమెరా కాదు. మాటలు సరిగ్గా వినపడవు. ఒక షాట్‌లో ఉన్న గంధపు బొట్టు ఇంకో షాట్‌లో ఉండదు. లాడ్జి ఓనర్ మధ్యలో వచ్చి ఇక చాలు పొండి అంటాడు. ఇవన్నీ తెర వెనక పనిలో జరిగే నష్టాలు. చేతిలో డబ్బు లేనప్పుడు ఆ లోటు ముందస్తు పనితోనే పూడాలి. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల తీసేవాళ్ళ కోసం ఆ పనిని మొదటి నుంచి వరసగా రాస్తున్నాను.

1. ఊళ్ళో దొరికేదాంతో కథ రాసుకోండి

కథ రాసేసి లొకేషన్ వెతుక్కోవడం డబ్బున్నవాళ్ళ పద్ధతి. మనం తిరగేసి చేయాలి. అడిగితే ఇచ్చే ఇల్లు ఏది, తెలిసిన లాడ్జి ఎవరిది, నటించగల పెద్దాయన ఎవరు, ఏ వీధి ఎప్పుడు ఖాళీగా ఉంటుంది అన్నవి ముందు కాగితం మీద పెట్టుకుని, వాటిలోంచి కథ తీయండి.

ఈ వ్యాసం పొడుగునా ఒకే ఉదాహరణ వాడతాను. కొండకు వచ్చిన ఒక కుటుంబం తిరుపతిలో లాడ్జి గది తీసుకుంటుంది. తాత ఒక్కడే పైకి వెళ్ళి తలనీలాలిచ్చి వస్తాడు. గుండుతో వచ్చిన తాతను చూసి ఆరేళ్ళ మనవరాలు ఆయనెవరో తెలియనట్టు దూరం జరిగిపోతుంది. సాయంత్రానికి ఆ పాప మళ్ళీ ఆయన ఒళ్ళోకి ఎలా చేరిందన్నదే కథ. ఒక గది, ఒక వరండా, ఒక వీధి, ముగ్గురు నటులు. ఎనిమిది నిమిషాలకు ఇంతకంటే అక్కర్లేదు. కొండ మీద ఒక్క షాట్ కూడా లేదు, అయినా కథంతా కొండదే.

అచ్చయిన కథను తీయాలనుకుంటే రచయిత దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మన దేశంలో రచయిత చనిపోయాక కూడా 60 ఏళ్ళ పాటు హక్కులు వారసులకు ఉంటాయి. మన జిల్లా కథల్లో తీయదగ్గవి బోలెడున్నాయి. వారసుల్ని మర్యాదగా కలిసి అడగడానికి మొహమాటపడకండి.

2. స్క్రిప్టును పైకి చదివి టైమ్ చూడండి

పేజీకి ఒక నిమిషం అనే లెక్క ఇంగ్లీషు స్క్రీన్‌ప్లే ఫార్మాట్‌కి పుట్టింది. మనం తెలుగులో చేత్తో రాసుకునే కాగితాలకు అది సరిపోదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, మాటలు పైకి చదువుతూ, మాటల్లేని చోట మనిషి నడిచే, కూర్చునే టైమ్ కూడా మనసులో నడిపించి లెక్క కట్టండి. పన్నెండు నిమిషాలు వస్తే అక్కడే కోయండి. షూటింగ్‌లో తీసి ఎడిటింగ్‌లో కోసిన ప్రతి నిమిషానికీ పదకొండు మంది భోజనం ఖర్చయింది.

మాటలు మన ఊరి మాటల్లాగే ఉండనివ్వండి. "ఎందుకు గుండు చేయించుకున్నావు తాతయ్యా?" అని టీవీ సీరియల్ పాప అడుగుతుంది. మన పాప "ఏంటికి గుండు కొట్టించుకున్నావు తాతా?" అంటుంది. నటించే పాప ఇంట్లో ఎలా మాట్లాడుతుందో విని, డైలాగు ఆ తీరుకి మార్చండి.

3. డబ్బు ఎక్కడ పెట్టాలి

చేతిలో ముప్పై వేలు ఉన్నాయనుకుందాం. కెమెరా మీ ఫోనే. నేనైతే ఇలా పంచుతాను: భోజనాలు, టీలకు 7,000. మైకులు, రికార్డర్ అద్దెకు 5,000. నటుల బేటాకు (రోజువారీ ఖర్చులకిచ్చే డబ్బు) 5,000. లాడ్జి గదికి 4,000. ఆటోలు, పెట్రోలుకు 3,000. బట్టలు, చిల్లర సామాన్లకు 2,000. మిగతా 4,000 ఎవరి చేతిలోనూ పెట్టకుండా పక్కన ఉంచాలి, రెండో రోజు సాయంత్రం దాని అవసరం తప్పకుండా వస్తుంది. రేట్లు సీజన్‌ని బట్టి మారతాయి, వరస మాత్రం మార్చకండి.

భోజనం ముందు రాయడానికి కారణముంది. స్నేహితులు డబ్బు తీసుకోకుండా వచ్చి రోజంతా ఎండలో నిలబడతారు. వాళ్ళకు వేళకు వేడి అన్నం పెట్టడమే మీరిచ్చే జీతం. ఒంటిగంటకు రావాల్సిన భోజనం మూడింటికి వస్తే ఆ తర్వాత తీసే షాట్లలో ఎవరి మనసూ ఉండదు.

లాడ్జి గదులు శని ఆదివారాల్లో, బ్రహ్మోత్సవాల రోజుల్లో దొరకడం కష్టం, దొరికినా ధర పెరుగుతుంది. మంగళవారం నుంచి గురువారం మధ్యలో షూటింగ్ పెట్టుకోండి. ఉద్యోగాలున్న వాళ్ళు సెలవు పెట్టాల్సి వస్తుంది కాబట్టి నెల ముందే తేదీ చెప్పాలి.

4. అనుమతులు

తిరుమల కొండ మీద షూటింగ్ ఆలోచన మానేయండి. గుడిలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకుపోనివ్వరు, డ్రోన్లకు నిషేధం ఉంది, గుడి ముందు రీల్స్ తీసినవాళ్ళ మీద చర్యలు తీసుకుంటున్నారు. దొంగతనంగా ఒక షాట్ తీస్తే, అది ఎంత బాగున్నా, సినిమా మొత్తాన్ని ఎక్కడా చూపించుకోలేని పరిస్థితి రావచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడికి వచ్చే భక్తుల నమ్మకాన్ని మనం గౌరవించాలి. కపిలతీర్థం, తిరుచానూరు, గోవిందరాజస్వామి గుడి కూడా టీటీడీ చేతిలోనివే, అనుమతి లేకుండా వద్దు.

చంద్రగిరి కోట అందంగా ఉంటుంది, చూడగానే అక్కడ తీయాలనిపిస్తుంది. కానీ అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, సినిమా చిత్రీకరణకు వాళ్ళ లైసెన్సు కావాలి. తలకోన శ్రీ వెంకటేశ్వర జాతీయ వనంలోది, అక్కడ అటవీ శాఖను అడగాలి. రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం మీద తీయాలంటే రైల్వే అనుమతి. ఈ మూడింటికీ టైమ్, డబ్బు రెండూ పోతాయి. మొదటి సినిమాకి వాటి జోలికి పోకపోవడమే మంచిది.

సొంత ఇల్లయినా, స్నేహితుడి లాడ్జి అయినా ఓనర్ చేత ఒక కాగితం రాయించుకోండి. ఏ తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏ గదులు, ఎంత డబ్బు, సినిమాను బయట చూపించడానికి అభ్యంతరం లేదని ఒక వాక్యం, కింద సంతకం. అలాంటి కాగితమే ప్రతి నటుడి దగ్గరా ఉండాలి. వీధిలో ట్రైపాడ్ పెట్టే ముందు దగ్గరి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ఎక్కడ, ఎంతసేపు తీస్తారో రాసిచ్చి రండి.

డ్రోన్ ఎగరేయాలనుకుంటే ముందు డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) చూడండి. రెడ్ జోన్‌లో (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు) ఉంటే 250 గ్రాముల లోపు బుల్లి డ్రోనుకైనా అనుమతి తప్పదు. మన తాత కథకు డ్రోన్ షాట్ అవసరమే లేదు.

5. రెక్కీకి వెళ్ళినప్పుడు కళ్ళతో పాటు చెవులూ

రెక్కీ అంటే షూటింగ్‌కి ముందే లొకేషన్ చూసి రావడం. లొకేషన్‌ని రెండుసార్లు చూడాలి. ఒకసారి వెలుతురు కోసం, ఒకసారి చప్పుడు కోసం.

వెలుతురు విషయంలో తిరుపతికి ఒక అదృష్టం ఉంది. కొండ ఊరికి ఉత్తరాన ఉంది. సెప్టెంబరు నుంచి మార్చి దాకా సూర్యుడు దక్షిణం వైపుగానే తిరుగుతాడు కాబట్టి ఊరివైపు కనిపించే కొండ మొహం మీద రోజంతా ఎండ ఉంటుంది. అంటే ఉత్తరం వైపు కిటికీ ఉన్న గది దొరికితే ఒకే ఫ్రేములో రెండూ వస్తాయి: బయట వెలుగుతున్న కొండ, లోపల నటుడి మొహం మీద నేరుగా ఎండ పడని మెత్తటి వెలుతురు. లాడ్జిలో గది అడిగేటప్పుడు ఏసీ ఉందా అని కాదు, కిటికీ ఎటుంది అని అడగండి. అయితే కిటికీ బయట బాగా వెలుగు, లోపల చీకటి. ఫోన్ రెంటినీ ఒకేసారి పట్టలేదు. కిటికీకి ఎదురుగా, మొహం చీకటిగా ఉన్న వైపు ఒక పెద్ద తెల్ల థర్మాకోల్ షీట్ నిలబెడితే మొహం మీదికి వెలుగు తిరిగొస్తుంది. స్టేషనరీ షాపులో దొరికే ఆ షీటు మన సినిమాకి పెద్ద లైటు.

మేలో తీయకండి. ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఫోన్ వేడెక్కి దానంతట అదే రికార్డింగ్ ఆపేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి. జనవరి, ఫిబ్రవరి మనకు అన్ని విధాలా మంచి నెలలు.

ఇక చప్పుడు. షూటింగ్ జరిగే వారంలోనే, అదే వేళకు ఆ గదిలో కూర్చుని కళ్ళు మూసుకుని పావుగంట వినండి. పొద్దున్నే గుడి మైకు, కొండకు పోయే జీపుల హారన్లు, రైలు కూత, పక్కింటి మిక్సీ, పైఅంతస్తు మోటారు. ఏది ఎన్నింటికి వస్తుందో రాసుకోండి. నివాస వీధుల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు నుంచి నాలుగు మధ్య కాస్త సద్దుమణుగుతుంది. అదే టైములో బయట ఎండ ఇంకా గట్టిగా ఉండి మొహాల మీద నీడలు అసహ్యంగా పడతాయి. అందుకే ఆ రెండు గంటలు లోపల మాటలున్న సీన్లకు ఉంచి, బయటి సీన్లు పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోవాలి. షెడ్యూల్ అంతా ఈ ఒక్క లెక్క మీదే నిలబడుతుంది.

6. నటులు, ముఖ్యంగా తాత, పాప

తాత పాత్రకు నిజంగానే గుండు కావాలి. ప్లాస్టిక్ క్యాప్ తక్కువ ఖర్చులో నమ్మేలా రాదు. నటుడికి మొదటి మీటింగ్‌లోనే విషయం చెప్పి, ఒప్పందం కాగితంలో రాయండి. మన ఊళ్ళో దీనికి చక్కటి దారి ఉంది: నిజంగా మొక్కు ఉన్న పెద్దాయన్ని వెతకండి. మొదటి రోజు జుట్టుతో ఉన్న సీన్లన్నీ తీసేయాలి. రెండో రోజు ఆయన కొండకు వెళ్ళి కల్యాణకట్టలో మొక్కు తీర్చుకుని వస్తారు, అక్కడ డబ్బులేమీ తీసుకోరు. మూడో రోజు గుండు సీన్లు. మధ్య రోజున మనం కెమెరా ముట్టుకోం, మొదటి రోజు ఫుటేజీ చూసుకుంటాం. ఒకసారి జుట్టు పోయాక వెనక్కి రాదు కాబట్టి మొదటి రోజు ఫుటేజీ మొత్తం చూసి, ఏదీ మిగల్లేదని తేల్చుకున్నాకే ఆయన్ని కొండెక్కనివ్వాలి. అందుకని ఆయన ప్రయాణం ఆ రోజు మధ్యాహ్నానికి పెట్టండి.

పిల్లలతో తీసేటప్పుడు చట్టం ఉంది. బాల నటులు రోజుకు 5 గంటలకు మించి పనిచేయకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ నుంచి అనుమతి తీసుకోవాలి. చిన్న సినిమా కదా అని దాటేయకండి. తల్లో తండ్రో సెట్లో ఉండాల్సిందే. నా అనుభవంలో చిన్నపిల్లలు మూడో టేక్ దాటాక నటిస్తున్నట్టు కనిపిస్తారు. పాప సీన్లు పొద్దున్నే, నిద్ర తీరి, టిఫిన్ తిన్నాక తీయండి.

మూడో రోజు మొదటి షాట్ ఏదో ఇప్పుడే నిర్ణయించుకోండి: పాప తాతను గుండుతో మొదటిసారి చూడటం. అంతవరకూ పాప ఆయన్ని చూడకుండా ఉండేలా ప్రొడక్షన్ వాళ్ళు చూసుకోవాలి. రెండు ఫోన్లు పెట్టండి, ఒకటి పాప మొహం మీద, ఒకటి గది మొత్తానికి. పాప తల్లికి ముందే చెప్పి ఒప్పించాలి. పాప భయపడితే వెంటనే కట్ చెప్పి తాత ఆమెతో మాట్లాడాలి. నవ్వేస్తే నవ్వనివ్వండి. అక్కడ నిజంగా వచ్చింది మీరు రాసినదానికంటే బాగుంటే స్క్రిప్టు మార్చుకోండి.

7. ఎవరు ఏ పని

ఏడుగురు చాలు. డైరెక్టరు, కెమెరా, లైటుకీ ట్రైపాడ్‌కీ ఒకరు, సౌండ్, కంటిన్యుటీ (ఒక షాటుకూ ఇంకో షాటుకూ తేడా రాకుండా) చూసే అసిస్టెంట్ డైరెక్టరు, ప్రొడక్షన్, పరుగులు పెట్టే ఒక తమ్ముడు. సౌండ్ మనిషికి ఇంకే పనీ చెప్పకండి. టీ తేవడానికి కూడా పంపకండి.

8. ఫోన్ కెమెరా సెట్టింగులు

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు కెమెరాలో కొట్టుకోకుండా ఉండాలంటే షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే టైమ్) సెకనులో 1/50 దగ్గర కట్టేయాలి, ఫ్రేమ్ రేటు సెకనుకు 25 పెట్టుకోవాలి. ఫోన్ సొంత యాప్‌లో ఇవి మార్చే వీలు లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది, ఐఫోన్‌కీ ఉంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఉంది. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేసి తీయండి. లేకపోతే తాత చేయి ఊపినప్పుడల్లా గది రంగు మారిపోతుంది. ఎండలో 1/50 ఉంచితే తెల్లగా పేలిపోతుంది కాబట్టి లెన్సు మీద వెలుతురు తగ్గించే ఒక ఎన్‌డీ ఫిల్టర్ క్లిప్ పెట్టుకోండి. డిజిటల్ జూమ్ వాడొద్దు, మీరే దగ్గరికి నడవండి.

9. సౌండ్

చూసేవాళ్ళు మసక బొమ్మను భరిస్తారు, అర్థంకాని మాటను భరించరు. అందుకే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

మైకు నోటికి ఎంత దగ్గరుంటే అంత మంచిది. ఫోన్ మైకు కెమెరా దగ్గర ఉంటుంది, కాబట్టి అది పనికిరాదు. ప్రతి నటుడికీ చొక్కాకు తగిలించే ఒక చిన్న లాపెల్ మైకు, అది వేరే ఫోన్‌కో చిన్న రికార్డర్‌కో కలిపి జేబులో. తాత కాటన్ చొక్కా వేసుకుంటే అదృష్టం. పాలిస్టర్, పట్టు గుడ్డ మైకుకు రాసుకుని చరచరమంటుంది. మైకును చొక్కా లోపల రొమ్ము మధ్యలో, మెడికల్ షాపులో దొరికే పేపర్ ప్లాస్టర్‌తో రెండు వైపులా అంటించి, కింద వైరును చిన్న చుట్ట చుట్టి ఆ చుట్టనూ అంటించండి. వైరు లాగినప్పుడు మైకు కదలకుండా ఆ చుట్ట కాపాడుతుంది. భుజం మీద కండువా ఉంటే అది మైకు మీద పడకుండా చూడాలి. రికార్డ్ చేసే ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి.

గదిలో ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపేయండి. ఫ్రిజ్ ఆపితే మళ్ళీ వేయడం మర్చిపోతాం, ఆ ఇంటివాళ్ళ పాలు విరిగిపోతాయి. అందుకని ప్రొడక్షన్ మనిషి బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టడం పాత కిటుకు, తాళాలు తీసుకోకుండా ఎవరూ ఇంటికి పోలేరు. ఖాళీ గదిలో మాట గోడలకు కొట్టుకుని మోగుతుంది. లాడ్జి దుప్పట్లు, పరుపులు కెమెరాకి కనపడని గోడలకు ఆనించండి, తేడా వెంటనే తెలుస్తుంది.

ప్రతి టేక్ మొదట సీను, షాటు, టేకు నంబరు పైకి చెప్పి, కెమెరా ముందు చప్పట్లు కొట్టండి. తర్వాత బొమ్మను, సౌండ్‌ను ఆ చప్పట్ల దగ్గర కలుపుతారు. ప్రతి లొకేషన్ వదిలే ముందు అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం ఉత్త గది చప్పుడు రికార్డ్ చేయండి. ఎడిటింగ్‌లో దగ్గు, హారన్ కోసేసిన చోట ఆ ఖాళీని నింపేది అదే. బయట వీధిలో కూడా అలాగే. జీపు పోవడం, పూలమ్మే ఆమె కేక, దూరంగా గుడి గంట విడివిడిగా పట్టుకోండి.

హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషి "వన్ మోర్" అంటే డైరెక్టరు వాదించకూడదు.

10. షూటింగ్ రోజు

ముందురోజు రాత్రే గ్రూపులో కాల్ షీట్ పెట్టండి: ఎవరు ఎన్నింటికి ఎక్కడ ఉండాలి, ఏ సీన్లు ఏ వరసలో, ఏ బట్టలు, భోజనం ఎన్నింటికి. సీన్లను కథ వరసలో కాదు, వెలుతురు వరసలో పెట్టాలి. కిటికీ దగ్గరి షాట్లన్నీ ఒకసారి, మంచం వైపువన్నీ ఒకసారి. సీను మొత్తం ఒక వెడల్పు షాటులో ముందు తీసుకుని తర్వాత దగ్గరి షాట్లకు వెళ్ళండి. టైమ్ అయిపోయినా సీను చేతిలో ఉంటుంది.

ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ళిద్దరి మధ్య ఒక గీత ఊహించుకుని కెమెరాను ఎప్పుడూ ఆ గీతకు ఒకే వైపు ఉంచాలి. దాటితే తాతా పాపా ఇద్దరూ ఒకే వైపు చూస్తూ మాట్లాడుతున్నట్టు కనిపిస్తారు.

ఫ్యాను ఆపిన గదిలో మూడు టేకులకు ఒకసారి ఆపి, ఫ్యాను వేసి, నీళ్ళు ఇవ్వండి. పెద్దాయనకు కుర్చీ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. వీధిలో తీసేటప్పుడు జనం చేరితే వాళ్ళను గద్దించకండి. ఏం తీస్తున్నారో నవ్వుతూ చెప్పి, రెండు నిమిషాలు సాయం అడగండి. మన ఊళ్ళో మర్యాదగా అడిగితే వాళ్ళే బండ్లు ఆపిపెడతారు.

11. గంధం, గడ్డం, గడియారం

కంటిన్యుటీ మనిషి ప్రతి షాట్ అయ్యాక ఫోటో తీయాలి. మన కథలో ప్రమాదమంతా గుండు మీదే ఉంది. గంధం తడిగా ఉన్నప్పుడు ముదురు రంగు, గంటలో ఎండి తెల్లబడి పగుళ్ళిస్తుంది. ఉదయం తీసిన షాటుకూ మధ్యాహ్నం తీసిన షాటుకూ రంగే వేరు. గంధం ఎంతవరకు పూసి ఉంది, చెవి పైన ఎన్ని వేళ్ళ దూరంలో ఆగింది అన్నది ఫోటోలో చూసి, ప్రతి సీను ముందు కడిగి మళ్ళీ పూయండి. షూటింగ్ నాలుగో రోజుకు జారితే తల మీద నల్లటి మొలకలు కనిపిస్తాయి, పొద్దున్నే మళ్ళీ గీయించాలి. గోడ గడియారం ఉంటే తీసేయండి, లేదా బ్యాటరీ తీసి సీను టైముకు ముల్లు పెట్టండి.

12. ఫుటేజీ కాపాడుకోవడం

భోజనం వేళకోసారి, ప్యాకప్ తర్వాత ఒకసారి, ఫోన్లలో ఉన్నదంతా రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించండి. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూడండి, ఆ తర్వాతే ఫోన్‌లోంచి తీసేయాలి. రెండు డిస్కులూ రెండు ఇళ్ళకు వెళ్ళాలి.

13. ఎడిటింగ్

డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ మన అవసరాలకు చాలు. ఫోన్ల సొంత కెమెరా యాప్‌లు చాలావరకు ఫ్రేమ్ రేటును నిలకడగా ఉంచవు, దాంతో పోను పోను సౌండ్ బొమ్మకు ముందో వెనకో జరుగుతుంది. అలాంటి ఫైళ్ళను ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25 ఫ్రేములకు మార్చి తెచ్చుకోండి.

ముందు సంగీతం లేకుండా, రంగులు దిద్దకుండా సినిమాను మాటలతోనే పేర్చండి. అలా చూసినప్పుడు బోర్ కొడితే సంగీతం దాన్ని బాగుచేయదు, కోయాల్సిందే. తాత తలుపు తీసే బొమ్మకు ముందే తలుపు చప్పుడు వినిపిస్తే చాలు, పాప తల తిప్పడం సహజంగా ఉంటుంది. సినిమా తెలియని ఇద్దరికి చూపించండి. వాళ్ళ అభిప్రాయం అడగడం కన్నా వాళ్ళు ఏ నిమిషంలో ఫోన్ చూసుకున్నారో గమనించండి.

14. సంగీతం హక్కులు

ఇక్కడ మన ఊరివాళ్ళు ఎక్కువగా చిక్కుకుంటారు. అన్నమాచార్యులు 1503లో పోయారు, ఆయన సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు. కానీ ఈ రోజు మనం పాడుకునే బాణీల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి, రికార్డింగుల మీద కంపెనీలకు హక్కులున్నాయి. సుప్రభాతం సంగతీ అంతే. షూటింగ్‌లో వెనకాల టీ కొట్టు రేడియోలో సినిమా పాట పట్టుబడినా యూట్యూబ్ గుర్తుపడుతుంది. కీర్తనే కావాలనుకుంటే కొత్త బాణీ కట్టించి తెలిసిన అమ్మాయి చేత పాడించండి, కాగితం మీద సంతకం తీసుకోండి. లేకపోతే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోంచి వాడుకోండి. ఈ కథకైతే నాకు సంగీతం లేకుండా, వీధి చప్పుళ్ళతోనే బాగుంటుందనిపిస్తుంది.

15. బయటికి వదలడం

యూట్యూబ్‌లో పెట్టడానికి సెన్సార్ సర్టిఫికెట్ అవసరం లేదు, థియేటర్లో వేయాలంటే కావాలి. ఫెస్టివల్స్‌కి పంపే ఆలోచన ఉంటే యూట్యూబ్‌లో పెట్టకముందే వాటి నియమాలు చదవండి, కొన్ని ఆన్‌లైన్లో వచ్చిన సినిమాలను తీసుకోవు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో పాటు తెలుగు సబ్‌టైటిల్స్ కూడా వేయండి. చిత్తూరు యాస కోస్తా వాళ్ళకు కొన్ని చోట్ల అందదు, చెవులు వినపడని వాళ్ళకూ ఉపయోగం. యూట్యూబ్ సౌండును మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి తగ్గిస్తుంది కాబట్టి ఎక్స్‌పోర్ట్ అప్పుడే ఆ దగ్గర్లో ఉంచుకోండి. ఒకసారి ఫోన్ స్పీకర్లో, ఒకసారి చవక ఇయర్‌ఫోన్లలో విని చూడండి, ఎక్కువమంది వినేది వాటిలోనే.

టైటిల్స్‌లో లాడ్జి ఓనరు, పాప తల్లి, భోజనం వండినవాళ్ళు, వీధిలో సాయం చేసినవాళ్ళు అందరి పేర్లూ ఉండాలి. స్పెల్లింగ్ వాళ్ళనే అడిగి రాయండి. లింకు జనానికి వదిలే ముందు రోజు వాళ్ళందరినీ పిలిచి, ఆ లాడ్జి గదిలోనే గోడకు తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చి వేయండి. పక్కన పెట్టిన నాలుగు వేలలో ఏమైనా మిగిలుంటే దానికి ఖర్చు పెట్టండి.